కడపటి శ్వాస దాకా కాపలా కూర్చున్న నర్సమ్మ

ఏటా మే 12న నర్సుల దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు నర్సింగ్ స్కూళ్లలో ఆడపిల్లలు తెల్ల దుస్తులు వేసుకుని, దీపాలు వెలిగించి ప్రమాణం చేస్తారు. అది ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. ఆ ప్రమాణం కూడా ఆమె పేరు మీదనే ఉంది గాని రాసింది ఆమె కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో ఒక ఆస్పత్రి వారు రాసి ఆమె పేరు పెట్టుకున్నారు.

చేతిలో దీపం పట్టుకున్న దొరసానిగా ఆమె బడిపిల్లలకు కూడా తెలుసు. గాయపడ్డ సిపాయిలకు కట్లు కట్టిన తల్లి అని పాఠాల్లో చెబుతారు. అది నిజమే. అయితే ఆమె ఎదుట బతికి లేచిన వారే కాదు, బతకకుండా పోయిన వారూ ఎందరో ఉన్నారు. చావు ఖాయమని తేలిన మనిషి దగ్గర ఏం చేయాలి, అతడు పోయాక దేశం కాని దేశంలో ఎదురుచూస్తున్న భార్యకూ తల్లికీ ఏం చెప్పాలి అనే పని ఆమె నెత్తిన పడింది. ఆ సంగతి పాఠాల్లోకి రాలేదు. గోదావరి నీటితో ఆమెకు గల సంబంధమూ అంతగా ప్రచారంలో లేదు.

కలిగిన ఇంటి బిడ్డ

నైటింగేల్ తల్లిదండ్రులు ఇంగ్లండులో పెద్ద భూవసతి గలవారు. పెళ్లయిన కొత్తలో ఇటలీకి వెళ్లి కొన్నేళ్లు అక్కడే ఉండిపోయారు. మొదటి పిల్ల నేపుల్స్‌లో పుడితే ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థెనోపీ అని పెట్టారు. 1820 మే 12న ఫ్లోరెన్స్ నగరంలో రెండో పిల్ల పుట్టింది. ఆమెకు ఆ ఊరి పేరే ఉండిపోయింది. తండ్రి విలియం నైటింగేల్ చదువరి. మగపిల్లలు లేకపోవడంతో కూతుళ్లకు గ్రీకు, లాటిన్, చరిత్ర తానే చెప్పారు. చిన్నదానికి లెక్కల మీద మక్కువ ఎక్కువ. ఆ లెక్కలే తర్వాత వేల ప్రాణాలకు అక్కరకు వచ్చాయి.

పదహారేళ్ల వయసులో, 1837 ఫిబ్రవరిలో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమెకు అనిపించింది. ఏం సేవో తేలడానికి ఏళ్లు పట్టింది. 1845లో ఇంట్లో ముసలి నాయనమ్మ జబ్బు పడితే దగ్గరుండి చూశారు. తనను పెంచిన ముసలి ఆయా అవసాన దశకు వస్తే ఆమె పోయేవరకు మంచం దగ్గర కూర్చున్నారు. అదే ఏడు, ఆస్పత్రిలో చేరి పని నేర్చుకుంటానని ఇంట్లో అడిగారు. తల్లి, అక్క గొల్లుమన్నారు.

వారి భయానికి కారణం లేకపోలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో నర్సు అంటే తాగుబోతు ఆడది అనే పేరు. చార్లెస్ డికెన్స్ ఒక నవలలో సారా గాంప్ అనే పాత్రను పెట్టాడు. పురుడు పోసేది ఆమే, శవానికి స్నానం చేయించేది ఆమే. మధ్యలో రోగి ఎదుటే సారా తాగుతూ కూర్చునేదీ ఆమే. జనం నవ్వుకుని ఊరుకున్నారు గాని, అలాంటి వారి చేతుల్లో ఎందరు కన్నుమూశారో ఆలోచించిన వారు తక్కువ.

నైటింగేల్ పెళ్లి సంబంధాలు వద్దన్నారు. తెల్లవారుజామున లేచి ఆస్పత్రుల నివేదికలు తెప్పించుకుని చదివారు. 1851లో ఎట్టకేలకు జర్మనీలోని కైసర్స్‌వెర్త్ అనే ఊళ్లో పాస్టరు ఫ్లీడ్నర్ నడిపే ఆశ్రమంలో మూడు నెలలు పని నేర్చుకున్నారు. 1853లో లండనులో జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే చిన్న ఆస్పత్రికి పెద్దగా కుదిరారు. తండ్రి ఏటా 500 పౌన్లు ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. తల్లి మాత్రం చాలాకాలం సమాధానపడలేదు.

స్కుటారి

1853లో రష్యాకూ టర్కీకీ యుద్ధం మొదలైంది. మరుసటి ఏడు ఇంగ్లండు, ఫ్రాన్సు టర్కీ పక్షాన దిగాయి. నల్లసముద్రం ఒడ్డున క్రిమియాలో పోరు. గాయపడ్డ ఇంగ్లీషు సిపాయిలను ఓడల్లో వేసి ఇస్తాంబుల్ ఎదురుగా ఉన్న స్కుటారికి తెచ్చేవారు. అక్కడ టర్కీ వారి పాత బారకాసునే ఆస్పత్రి చేశారు. కట్లకు గుడ్డ లేదు, మంచాలు లేవు అని టైమ్స్ పత్రికలో వార్తలు రావడంతో ఇంగ్లండులో గగ్గోలు పుట్టింది. యుద్ధ శాఖ చూస్తున్న సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు పాత స్నేహితుడు. నర్సులను తీసుకుని వెళ్లమని ఆయన రాసిన ఉత్తరం, వెళ్తానని ఆమె రాసిన ఉత్తరం దారిలో ఎదురయ్యాయి.

1854 అక్టోబరు 21న 38 మందితో బయలుదేరి నవంబరు 4న స్కుటారిలో దిగారు. డాక్టర్లు మొదట వారిని వార్డుల్లోకి రానివ్వలేదు. ఆడవాళ్లు వచ్చి పెత్తనం చేస్తారని వారి అనుమానం. పిలిచే వరకు ఆమె పట్టుదలగా ఎదురుచూశారు. కొద్దిరోజులకే ఓడల మీద ఓడలు వచ్చి పడ్డాయి. చాపల మీద, నేల మీద వరసగా పడుకోబెట్టిన రోగుల పక్కల పొడవు నాలుగు మైళ్లు అయింది. అప్పుడు డాక్టర్లే పిలిచారు.

ఆమె అడిగిన మొదటి వస్తువుల్లో నేల తోమే బ్రష్షులు ఉన్నాయి. తర్వాత చొక్కాలు, దుప్పట్లు, పళ్లాలు, చెంచాలు. సిపాయిల బట్టలు ఉతికేందుకు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని బాయిలర్లు పెట్టించారు. కాలు తీసేటప్పుడు పక్కవాడు చూసి బెదిరిపోకుండా అడ్డు తెరలు తెప్పించారు. పక్క మంచంలో మనిషి పోతున్నప్పుడు కూడా ఆ తెరే అడ్డం పెట్టేవారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. వరసలో తన వంతు ఎప్పుడా అని చూస్తూ పడుకున్న వాడికి అది చిన్న విషయం కాదు.

వచ్చిన వారిలో ఐదుగురిని ఇక లాభం లేదని డాక్టర్లు పక్కన పెడితే, ఆమె ఒక నర్సును తోడు తీసుకుని రాత్రంతా చెంచాతో ఆహారం పట్టి, తెల్లారేసరికి ఆపరేషనుకు తట్టుకునే స్థితికి తెచ్చారని చెబుతారు. ఇలాంటివి కొన్నే. ఆ చలికాలంలో స్కుటారి ఆస్పత్రుల్లో సుమారు 4,000 మంది చనిపోయారు. గాయాలతో పోయిన వారికంటే కలరా, రక్త విరేచనాలు, టైఫస్ జ్వరంతో పోయిన వారే ఎన్నో రెట్లు ఎక్కువ.

రాత్రి ఎనిమిది దాటితే వార్డుల్లో నర్సులు ఉండకూడదని ఆమే కట్టడి చేశారు. తర్వాత తిరిగేది ఆమె ఒక్కరే. చేతిలో టర్కీ వారి మడత లాంతరు. బొమ్మల్లో కనిపించే ప్రమిద లాంటి దీపం చిత్రకారుల కల్పన. ఎవరూ ఒంటరిగా పోకూడదు అన్నది ఆమె నియమం. తాను వెళ్లలేకపోతే మరొకరిని కూర్చోబెట్టేవారు. ఆ ఒక్క చలికాలంలో తాను దగ్గరుండి చూసిన మరణాలు 2,000 ఉంటాయని ఆమె లెక్క. వయసు ముప్పై నాలుగు. ఒక జీవితకాలంలో పది చావులు చూస్తేనే మనిషి కుంగిపోతాడు.

ఇంటికి వెళ్లిన ఉత్తరాలు

రాత్రి తిరుగుడు అయ్యాక ఆమె గదిలో దీపం మళ్లీ చాలాసేపు వెలిగేది. అప్పుడు ఉత్తరాలు రాసేవారు. చనిపోయిన సిపాయి తల్లికో, భార్యకో, అతడు ఏ రోజున, ఏ జబ్బుతో పోయాడు, ఎవరు దగ్గర ఉన్నారు, చివరికి ఎవరి పేరు తలచుకున్నాడు, ఎక్కడ పూడ్చారు అని రాసి, అతడి దగ్గర మిగిలిన డబ్బు, చిన్న వస్తువు ఏదైనా ఉంటే కలిపి పంపేవారు. సైన్యం నుంచి వచ్చే కాగితంలో పేరూ నంబరూ తప్ప ఏమీ ఉండదు. ఇంటివారికి కావలసింది అది కాదు. బాధపడ్డాడా, దాహం తీరిందా, పక్కన ఎవరైనా ఉన్నారా అన్నదే వారి ఆరాటం. బస్తీలో ఆస్పత్రిలో పోయిన మనిషి గురించి ఇంటివాళ్లు ఇప్పటికీ అడిగేవి ఆ మూడు ప్రశ్నలే.

ఇంగ్లండు నుంచి కూడా ఉత్తరాలు వచ్చేవి. మొగుడి జాడ తెలియని ఆడవాళ్లు, కొడుకు పేరు, రెజిమెంటు రాసి, ఉన్నాడో లేడో చెప్పమని వేడుకునేవారు. వాటన్నిటికీ విచారించి జవాబు పంపించేవారు.

సైన్యం వెంట వచ్చిన సిపాయిల భార్యల పాట్లు మరీ ఘోరం. ఆస్పత్రి కింది చీకటి నేలమాళిగల్లో, మురుగు కంపులో, ఒకే గదిలో పురుళ్లు, చావులు. మొగుడు క్రిమియాలో పోయాడని తెలిసిన తర్వాత వారికి దిక్కు లేదు. నైటింగేల్ చేతిలో అప్పటికే పట్టలేనంత పని. అందుకని సహాయానికి వచ్చిన లేడీ అలీషియా బ్లాక్‌వుడ్ అనే ఆమెకు ఈ ఆడవాళ్ల బాధ్యత అప్పగించారు. వారికి వేరే చోటు చూపించి, బట్టలుతికే పని ఇప్పించి, విధవలను ఇళ్లకు పంపే ఏర్పాట్లు చేశారు.

సిపాయిలు జీతం అందగానే తాగేస్తారని అధికారుల మాట. ఇంటికి పంపే దారి చూపిస్తే పంపుతారని నైటింగేల్ వాదం. ముందు తన గదిలోనే వారానికి ఒక పూట డబ్బు తీసుకుని ఇంగ్లండుకు పంపించారు. తర్వాత సర్కారు మనియార్డరు కచేరీలు తెరిచింది. ఆరు నెలల్లోపే 71,000 పౌన్లు ఇళ్లకు చేరాయి.

మురుగు కాలువ చెప్పిన నిజం

ఇంత చేసినా చావులు తగ్గలేదు. పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో స్కుటారిలో చికిత్సకు వచ్చిన ప్రతి 100 మందిలో 42 మంది పోయారు. మార్చిలో లండను నుంచి పారిశుధ్య కమిషన్ వారు వచ్చి తవ్వి చూస్తే ఆ పెద్ద బారకాసు కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. నీళ్లు వచ్చే తూములో చచ్చిన గుర్రం కుళ్లిపోయి ఉంది. కాలువలు కడిగించి, చెత్త ఎత్తించి, గోడలకు సున్నం వేయించి, గాలి ఆడేలా కిటికీలు తెరిపించారు. జూన్ నాటికి నూటికి ఇద్దరు మాత్రమే పోతున్నారు.

నైటింగేల్ 1856 ఆగస్టులో ఇంటికి చేరారు. ఊరేగింపులు, సన్మానాలు వద్దని దొంగచాటుగా వచ్చారు. అప్పటికే క్రిమియా జ్వరం ఆమెను పీల్చేసింది. ఆ తర్వాత డాక్టరు విలియం ఫార్ అనే జనన మరణ లెక్కల నిపుణుడితో కలిసి యుద్ధంలో పోయిన వారి లెక్కలన్నీ విప్పి చూశారు. అన్ని ఆస్పత్రులకంటే ఎక్కువ మంది పోయింది స్కుటారిలోనే అని తేలింది. తాను పగలూ రాత్రీ కాపలా కాసిన చోటే ఆ మనుషుల ప్రాణం తీసిందని ఆ అంకెలు చెప్పాయి. మంచి చొక్కా, వేడి జావ, పక్కన మనిషి అన్నీ ఇచ్చినా, కింద మురుగు ఉన్నంతకాలం ఏమీ నిలవలేదు.

ఆమె ఆ లెక్కను దాచలేదు. 800 పేజీలకు మించిన నివేదిక రాసి, చావులను రంగుల చక్రాల్లా గీసి, ఏ నెల ఎందరు ఏ కారణంతో పోయారో మంత్రులు ఒక్క చూపులో గ్రహించేలా చేశారు. 1858లో ఇంగ్లండు గణాంక సంఘం మొదటిసారి ఒక స్త్రీని సభ్యురాలిగా తీసుకుంది. ఆ స్త్రీ ఆమే.

రోగి మంచం దగ్గర

నర్సింగ్ గురించి ఆమె రాసిన చిన్న పుస్తకం 1859 చివర అచ్చయింది. అది నర్సులకంటే ఇంట్లో రోగిని చూసుకునే ఆడవాళ్లకు రాసిన పుస్తకం. అందులో ఉన్న జాగ్రత్తలు ఇప్పటికీ పనికివస్తాయి. రోగి గది బయట గుసగుసలాడకూడదు. తన గురించే మాట్లాడుతున్నారని అతడికి తెలుస్తుంది, ఏమన్నారో వినపడక ఇంకా నలుగుతాడు. మాట్లాడేటప్పుడు అతడు మెడ తిప్పక్కర్లేకుండా ఎదురుగా కూర్చోవాలి. నిలబడి, పోవాలన్న తొందరలో మాట్లాడకూడదు. మంచానికి ఆనుకుని ఊపకూడదు. తెల్లవారుజామున బలహీనుల ఒళ్లు చల్లబడుతుంది కనుక పాదాలు తాకి చూసి వేడి నీళ్ల సీసా పెట్టాలి. కిటికీలోంచి ఆకాశమో, ఒక పువ్వో కనపడాలి. చంటిపిల్లను తెచ్చి చూపిస్తే ఆ రోగికీ మంచిది, పిల్లకూ మంచిది.

అన్నిటికంటే గట్టిగా ఆమె మందలించింది పరామర్శకు వచ్చేవారిని. పోతానని రోగికి తెలిసిన తర్వాత కూడా నీకేం ఫరవాలేదు, వారం రోజుల్లో లేచి తిరుగుతావు అని చెప్పడం ఆమె దృష్టిలో క్రూరత్వం. అతడు తన భయాన్ని చెప్పుకోవడానికి ఇక మనిషే మిగలడు. పల్లెల్లో మంచం చుట్టూ పదిమంది చేరి ఎంత చిక్కిపోయావు అని ఒకరు, ఫలానా ఊళ్లో పసరు మందు ఉందని ఒకరు, డాక్టరును మార్చమని మరొకరు చెప్పడం చూసే ఈ మాటలు రాసినట్టు ఉంటుంది.

1860లో లండను సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఆమె పేరిట నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. ఆ మాట అందరికీ తెలిసిందే. లివర్‌పూల్ సంగతి అంతగా తెలియదు. విలియం రాత్‌బోన్ అనే ధనిక వర్తకుడి భార్య 1859లో తీవ్రమైన జబ్బుతో మంచం పట్టింది. మేరీ రాబిన్సన్ అనే నర్సును పెట్టి ఇంట్లోనే చూపించాడు. భార్య దక్కలేదు గాని, చివరి రోజుల్లో ఆమె పడ్డ బాధ నర్సు వల్ల ఎంత తగ్గిందో కళ్లారా చూశాడు. ఇంత డబ్బున్న తన ఇంట్లోనే ఇలా ఉంటే పేదవాడి గుడిసెలో రోగి గతి ఏమిటి అన్న ఆలోచన అతడిని వదల్లేదు. అదే నర్సును మూడు నెలల జీతం మీద పేదల ఇళ్లకు పంపాడు. నెల తిరిగేసరికి ఆమె ఏడుస్తూ వచ్చి ఆ దరిద్రం చూడలేనంది. బతిమాలి మళ్లీ పంపితే గడువు తీరేటప్పటికి ఆమే ఆ పని వదలనంది. ఇలాంటి నర్సులు ఇంకా కావాలంటే ఎక్కడా దొరకలేదు. రాత్‌బోన్ నైటింగేల్‌కు రాశాడు. అక్కడే తయారు చేసుకోమని ఆమె దారి చూపారు. 1862లో లివర్‌పూల్‌లో నర్సుల బడి కట్టారు. ఊరిని వాడలుగా పంచి వాడకొక నర్సును పెట్టారు. ఇల్లిల్లూ తిరిగే నర్సుల పద్ధతికి అదే నాంది.

హెర్బర్ట్ మరణం

నైటింగేల్ జీవితంలో ఆమె అభిమానులు దాటేసే ఘట్టం ఒకటి ఉంది. స్కుటారికి పంపిన సిడ్నీ హెర్బర్ట్ తర్వాత యుద్ధ మంత్రి అయ్యాడు. సైన్యం ఆరోగ్యానికి కావలసిన సంస్కరణలన్నీ ఆమె రాసి ఇవ్వడం, ఆయన చేయించడం. 1860 చివర ఆయనకు మూత్రపిండాల జబ్బు ముదిరిందని డాక్టర్లు తేల్చారు. ఆమె నమ్మలేదు. పని ఆపడానికి వీల్లేదని ఒత్తిడి చేశారు. చేయలేనని ఆయన చెప్పినప్పుడు కఠినంగా మాట్లాడారు. 1861 ఆగస్టు 2న ఆయన 50 ఏళ్ల వయసులో పోయాడు. వేలమంది సిపాయిల చావును ముందే కనిపెట్టిన మనిషి, ఎదుట కూర్చున్న స్నేహితుడిది కనిపెట్టలేదు. కనిపెట్టడానికి ఇష్టపడలేదు అనడమే సరి. తర్వాత నెలల తరబడి ఆమె తేరుకోలేదు. అప్పటి నుంచి ఆయనను గురువు అనే తలచుకున్నారు.

గోదావరి మాట

నైటింగేల్ ఇండియాకు ఎన్నడూ రాలేదు. అయినా నలభై ఏళ్లకు పైగా ఈ దేశం గురించి చదివి రాశారు. ఇక్కడి సైన్యం ఆరోగ్యంపై 1859లో వేసిన రాయల్ కమిషన్ కోసం ప్రతి సైనిక స్థావరానికీ ప్రశ్నలు పంపించి జవాబులు తెప్పించారు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో వచ్చిన కరువు ఆమెను కుదిపేసింది. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు వల్లకాడయ్యాయి. దక్షిణాదిన అరకోటి మందికి పైగా చనిపోయారని అంచనా. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం నిలబడ్డాయి. ధవళేశ్వరంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట ఇక్కడి పంటను కాపాడింది. ఇక్కడి గింజలే కరువు సీమకు వెళ్లాయి.

ఆ ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ అప్పటికి ఇంగ్లండులో ఉన్నాడు. రైళ్లకు పోసే డబ్బు కాలువలకు పోయండి అని అరుస్తుంటే సర్కారు పెద్దలు చాదస్తం అన్నారు. 1878లో పార్లమెంటు కమిటీ ఆయనను ముద్దాయిని అడిగినట్టు అడిగింది. ఆయన పక్షాన నిలబడిన కొద్దిమందిలో నైటింగేల్ ఒకరు. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. అదే ఏడు ఆగస్టులో ఇండియా ప్రజల గురించి ఆమె ఒక ఇంగ్లీషు పత్రికలో రాసిన వ్యాసం పాలకులకు కోపం తెప్పించింది. కరువులో ఎందరు పోయారో సరైన లెక్క కూడా లేదేమిటి అని ఆమె నిలదీశారు. స్కుటారిలో నేర్చిన పాఠమే ఇక్కడా. చచ్చేవాడి నోట్లో గంజి పోయాలి, నిజమే. అతడిని ఆ స్థితికి తెచ్చిన కారణాన్నీ పట్టుకోవాలి.

ఇంటి చావులు

1874 జనవరిలో తండ్రి మెట్ల మీద పడి పోయారు. ముసలి తల్లికి చూపు లేదు, మతి నిలకడ లేదు. చిన్నప్పుడు నర్సు పనికి అడ్డుపడిన ఆ తల్లిని 1880 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూసే వరకు కూతురే చూసుకున్నారు. అక్క పార్థెనోపీ కీళ్ల జబ్బుతో ఏళ్ల తరబడి మంచాన పడి 1890 మే 12న పోయారు. అది చెల్లెలి డెబ్బయ్యో పుట్టినరోజు.

1901 నాటికి నైటింగేల్‌కు చూపు పోయింది. తర్వాత జ్ఞాపకం కూడా తగ్గింది. 1907లో రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు ఇచ్చాడు. అంతకు ముందు ఏ స్త్రీకీ అది ఇవ్వలేదు. 1910 ఆగస్టు 13న లండనులో తన గదిలో, నిద్రలోనే ప్రాణం పోయింది. వయసు 90. రాజులను పూడ్చే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేస్తామని సర్కారు అడిగితే, ఆమె కోరిక ప్రకారం బంధువులు వద్దన్నారు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇవ్వమని వీలునామాలో రాశారు గాని అది జరగలేదు. ఆరుగురు సైన్యపు సార్జెంట్లు శవపేటిక మోశారు. హాంప్‌షైర్‌లో ఈస్ట్ వెల్లో అనే పల్లె చర్చి దొడ్డిలో తల్లిదండ్రుల పక్కన పూడ్చారు. ఆ రాతి మీద పేరు లేదు. పేరులోని రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి.